తడి అట్ట వాసన

ఆ ఎండాకాలం నేను వైను చదువుకున్నాను. అప్పటికి నాకు యాభై ఎనిమిదేళ్ళు. మా ఆవిడ పోయి ఐదు నెలలు.

చదువు మీద మోజుతో కాదు. చదవకపోతే సీసాల గది తాళం పోతుందని.

నేను పనిచేసే హోటలు చేతులు మారింది. కొత్త యజమానులెవరో మేమెవరమూ చూడలేదు. వాళ్ళ తరఫున ఒక మేనేజరమ్మ వచ్చింది. మా అమ్మాయికన్నా నాలుగైదేళ్ళు పెద్దదై ఉంటుంది. వచ్చిన వారానికే మమ్మల్నందరినీ భోజనశాలలో నిలబెట్టి ఒక కాగితం చదివింది. ఎండాకాలం ముగిసేలోగా వైను పరీక్షలో మొదటి మెట్టు గట్టెక్కినవాళ్ళే ఇకమీద వైను సీసా ముట్టుకోవాలట. వడ్డించేవాళ్ళయినా సరే, దాచేవాళ్ళయినా సరే.

"దాచేవాడికి కూడానా అమ్మా?" అన్నాను.

"దాచేవాళ్ళకే మరీ ముఖ్యం. పాడైన సీసా బల్ల దాకా రాకుండా ఆపాల్సింది మీరే కదా," అంది. "కష్టమనుకుంటే చెప్పండి. బట్టల గదిలో మనిషి కావాలి. చలికాలం నుంచీ ఖాళీగా ఉంది."

ఎందుకు ఖాళీగా ఉందో ఆమెకి తెలియదు. ఆ ఖాళీ మా ఆవిడది.

సీసాల గది నేలకింద ఉంటుంది. పదమూడు మెట్లు దిగాలి. పద్నాలుగు వరసల అరలు, ఒకటే బల్బు. పందొమ్మిదేళ్ళుగా దాని తాళం నా దగ్గరే ఉంది. సీసాల మీద ఉండేవన్నీ పరాయి లిపులు. నేను మా ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. మన అక్షరాలు, ఎక్కాలు, బెత్తం దెబ్బలు, అంతే. చేరిన మొదటి ఏడాది ఒకటి అడిగితే ఇంకొకటి పైకి పంపి నానా మాటలూ పడ్డాను. అది చూడలేక మా ఆవిడ మధ్యాహ్నం విరామంలో పక్క బట్టల గదిలోంచి వచ్చి, స్టూలెక్కి, ప్రతి అర అంచుకీ ఒక చీటీ అంటించి మన అక్షరాల్లో రాసింది. ఆవిడ నాకన్నా ఐదు తరగతులు ఎక్కువ చదివింది. ఆ సంగతి నేను మర్చిపోకుండా చూసుకునేది. పైన పేరు, కింద నాకు పనికొచ్చే ముక్క. "ఎర్రది. వగరు. పడుకోబెట్టాలి." "తెల్లది. పుల్లన. చల్లగా పంపాలి." ఒకదాని కింద, "అడిగేవాళ్ళు తక్కువ, పొగిడేవాళ్ళు ఎక్కువ." నాలుగో వరస మొదట్లో ఒక మొండి ఎర్ర వైను ఉండేది. దాని కింద, "నీలాగే. ఎన్నేళ్ళుంచినా మెత్తబడదు."

ఆవిడ దస్తూరీ ఇంకెక్కడా మిగల్లేదు. ఉత్తరాలు రాసుకునేంత దూరం మేమెప్పుడూ ఉండలేదు.

తాళం ఇంకొకడి చేతికి పోతే వాడు మొదట చేసే పని ఆ చీటీలు గోకెయ్యడం. అందుకని చదివాను.

ఇంకొక సంగతి ఉంది. అది ఎవరికీ చెప్పలేదు. చలికాలంలో మా ఇంటిల్లిపాదికీ జ్వరం వచ్చింది. మొదట మా అమ్మాయికి. మందుల దుకాణంలో పని, వచ్చేవాళ్ళంతా రోగులే. అక్కణ్ణించి తెచ్చింది. రెండు రోజులకి నాకు, మూడో రోజుకి వాళ్ళమ్మకి. అమ్మాయి వారంలో లేచింది. నేను పది రోజులకి లేచాను. మా ఆవిడ లేవలేదు.

అమ్మాయిని నేను ఒక్క మాట అనలేదు. అనకపోవడం వేరు, క్షమించడం వేరు. ఆ తేడా తనకీ తెలుసు. అంతకుముందు "అమ్మలూ" అని పిలిచేవాణ్ణి. ఆ తరవాత ఆ పిలుపు నోట్లోంచి రాలేదు.

జ్వరం పోతూ పోతూ నా ముక్కు పట్టుకుపోయింది. సబ్బుకీ ఉల్లిపాయకీ తేడా లేదు. నాలుకకి పులుపు, తీపి, చేదు తెలుస్తున్నాయి. ముక్కుకి మాత్రం లోకమంతా మంచినీళ్ళే. "నాన్నా, ఈ జ్వరంలో చాలామందికి వాసన పోతోందట. నీకు తెలుస్తోందా?" అని మా అమ్మాయి ఒకసారి అడిగింది. "నాకేం? భేషుగ్గా ఉంది," అన్నాను. దానికి చెబితే వాళ్ళ మామయ్యకి చెబుతుంది. వాళ్ళ మామయ్యకి తెలిస్తే హోటలంతటికీ తెలియడానికి పూట పట్టదు. ముక్కు లేనివాడికి సీసాల గది ఎవరిస్తారు?

ఆ మామయ్య నా బావమరిది. మా ఆవిడ తమ్ముడు. అదే హోటల్లో వడ్డన పని. వాడూ పరీక్షకి పేరిచ్చాడు. నేను తప్పితే తాళం వాడికే అని మేనేజరమ్మ ముందే చెప్పేసింది.

పాఠాలు మధ్యాహ్నం భోజనాలయ్యాక, మూడింటినుంచి ఐదింటిదాకా, ఖాళీ భోజనశాలలో. చెప్పడానికొచ్చినాయనకి పొడుగాటి ముక్కు. మొదటి రోజే మావాళ్ళు ముక్కాయన అని పేరు పెట్టేశారు. పుస్తకం మన భాషలోకి దించిందే, కానీ దించినవాడికి ఏ భాషా సరిగ్గా వచ్చినట్టు లేదు. వైన్ల పేర్లు మాత్రం పరాయి లిపిలోనూ పక్కన మన అక్షరాల్లోనూ ఉండేవి, అలా ఆ లిపీ పట్టుబడింది. పరీక్షలో ముప్పై ప్రశ్నలు కాగితం మీద రాయాలి. తరవాత ఒక గ్లాసు చేతికిస్తారు, అదేమిటో, ఎలా ఉందో నోటితో చెప్పాలి. కాగితం గట్టెక్కినా గ్లాసు తప్పితే తప్పినట్టే.

ముక్కాయన అందరికీ తలో గుక్కెడు తెల్ల వైను పోశాడు. "తాగకండి. ముందు చూడండి, తరవాత వాసన, తరవాత నోట్లో తిప్పి ఉమ్మెయ్యండి. ఏం తెలుస్తోందో చెప్పండి."

"సార్, ద్రాక్షపళ్ళ వాసన," అన్నాడు మా బావమరిది. అందరూ నవ్వారు.

"అదొక్కటీ కాకుండా ఏదైనా చెప్పండి. పెద్దాయనా, మీరు?"

నేను అప్పటికే మొదటి రెండు పాఠాలూ కంఠతా పట్టాను. మా బడిలో చదువంటే అదే. గ్లాసు ఎత్తి చూశాను. లేత నిమ్మరంగు, అంచున పచ్చ. ఆ రంగుకి పుస్తకంలో ఏం రాసుందో గుర్తు తెచ్చుకున్నాను. ముక్కు దగ్గర పెట్టుకుని పది అంకెలు లెక్కపెట్టాను.

"లేత నిమ్మరంగు. శుభ్రంగా ఉంది. నిమ్మ, పచ్చ ఆపిలు, కోసిన గడ్డి. తీపి లేదు. పులుపెక్కువ. ఒళ్ళు పల్చన."

ముక్కాయన మొహం వెలిగిపోయింది. "చూశారా! పందొమ్మిదేళ్ళు సీసాల మధ్య ఉన్న ముక్కు అలా ఉంటుంది."

మా బావమరిది నా చెవి దగ్గరికి వంగాడు. "బావా, నువ్వు వాసన చూడట్లేదు. పదమూడో ఎక్కం అప్పజెబుతున్నావు."

"పదమూడో ఎక్కం నీకొచ్చా?"

"రాదు కాబట్టే గుర్తుపట్టా."

వాడు వేళాకోళానికే అన్నాడు. నేను మాత్రం గ్లాసు గబుక్కున బల్ల మీద పెట్టేశాను.

తరవాత బక్కెట్లో ఉమ్ముతూ, "ఉమ్మెయ్యడానికి ఇంత చదువా బావా? అక్కుంటే పళ్ళు తోముకునేటప్పుడే నేర్పేసేది," అన్నాడు. నేను నవ్వలేదు. వాడూ నవ్వడం మధ్యలో ఆపేశాడు.

ఇంట్లో పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను ఒక సెలవు పూట. పొయ్యి మీద గిన్నె ఉన్న సంగతి మర్చిపోలేదు. కానీ అది ఎప్పుడు మాడుతుందో చెప్పేది ముక్కే కదా.

మా అమ్మాయి గుమ్మంలోంచే పరుగెత్తుకొచ్చింది. "నాన్నా! ఇల్లంతా పొగ! మూడడుగుల దూరంలో కూర్చున్నావు, మాడుతోంటే తెలీలేదా?"

"చదువులో ఉన్నా."

గిన్నె దించి, కిటికీ తెరిచి, నా ఎదురుగా వచ్చి కూర్చుంది. అంతవరకూ ఆ ఐదు నెలల్లో నా ఎదురుగా కూర్చోలేదు. పక్కన కూర్చునేది, లేకపోతే నిలబడేది.

"మామయ్య చెప్పాడు పరీక్ష గురించి. ఇటివ్వు. నేను అడుగుతాను, నువ్వు చెప్పు."

"నీకెందుకు?"

"ఇవ్వు నాన్నా." పుస్తకం లాక్కుని ఎక్కడో తెరిచింది. "ఈ వైను యొక్క శరీరము మధ్యస్థముగానుండి, దీర్ఘమైన ముగింపును కలిగియుండును. ఇదేం నాన్నా, వైను గురించా, పోయిన మనిషి గురించా?"

అన్నాక తనే నాలుక కరుచుకుంది. నేను గోడకేసి చూశాను. తను పేజీ తిప్పి మొదటి ప్రశ్న అడిగింది. చెప్పాను. రెండోది అడిగింది. చెప్పాను.

అలా మొదలైంది. దుకాణానికి సెలవున్న రోజే నేనూ సెలవు పెట్టించుకునేవాణ్ణి. ప్రశ్నలయ్యాక వాసనలు. ఆ ఆలోచన తనదే. వద్దనడానికి నాకు సాకు దొరకలేదు.

మా వంటింటి అరలో ఆరు సీసాలు ఒక వరసలో ఉంటాయి. కాఫీ పొడి, దాల్చినచెక్క, మిరియాలు, లవంగాలు, ఎండిన నిమ్మతొక్క, వెనిలా. మా ఆవిడ పెట్టిన వరస. కరెంటు పోయినా చెయ్యి చాపితే కావలసింది అందాలనేది ఆవిడ పట్టుదల. ఆవిడ పోయాక ఆ వరస మేమిద్దరం కదపలేదు.

మా అమ్మాయి నా కళ్ళకి తువ్వాలు కట్టేది. ఆరు కప్పుల్లో ఆరూ చిటికెడు చిటికెడు వేసి నా ముందు పెట్టేది. "అన్నీ కలిపేశాను నాన్నా, ఇక చెప్పు," అనేది. కలపడమంటే తనకి తెలిసింది ఒకటే. ఒక రోజు ఎడమ చివరినుంచి, ఒక రోజు కుడి చివరినుంచి. కాఫీ సీసా మూత తిప్పితే కీచుమంటుంది. వెనిలా బుడ్డి బిరడా టప్పుమంటుంది. మొదటి చప్పుడు వింటే చాలు, మిగతా ఐదూ వరసగా వచ్చేసేవి. ఎక్కం మొదటి మెట్టు అందిస్తే మిగతాది నోరే చెప్పుకుపోయినట్టు.

వెంటనే చెప్పేవాణ్ణి కాదు. ఒక్కొక్క కప్పుకీ పది అంకెలు. మధ్యలో ఒకటి రెండు కావాలని తప్పేవాణ్ణి. మోసం చేసేవాడికి తప్పడం కూడా తెలిసుండాలి.

మూడో వారం ఒక్కటీ తప్పకుండా చెప్పాను.

"ఆరుకి ఆరు! నాన్నా, నీది ముక్కు కాదు. జాగిలం ముక్కు."

"కుక్కనంటున్నావా?"

"ఉత్త కుక్క కాదులే, పోలీసు కుక్క."

అని నవ్వింది. ఐదు నెలల తరవాత ఆ ఇంట్లో మొదటి నవ్వు. వాళ్ళమ్మ నవ్వే. చివర కాస్త ఎగశ్వాస. నోటిదాకా వచ్చింది, అమ్మలూ అని. దగ్గి మింగేశాను.

ఇప్పుడు తలుచుకుంటే ఆ పూటే ఆగిపోవాల్సింది. ఆరుకి ఆరు చెప్పినవాణ్ణి మనిషి నమ్ముతుంది. నమ్మితే ఇంకేదో తెచ్చి చేతిలో పెడుతుంది.

పరీక్ష పది రోజుల్లో ఉందనగా ముక్కాయన పాడైన వైను గురించి చెప్పాడు.

"బిరడా చెడితే వైనుకి ఒక వాసన పడుతుంది. తడి అట్ట వాసన. ఒక్కసారి చూస్తే జన్మలో మర్చిపోరు. ఇంట్లో చేసుకోవచ్చు. అట్టముక్క తడిపి, రేకుడబ్బాలో వేసి, బిగుతుగా మూతపెట్టి ఒక రోజు ఉంచండి. మూత తీసి చూడండి, అదే. పరీక్షలో అలాంటిది ఇచ్చినా ఇవ్వొచ్చు. అది తగిలితే పళ్ళూ పూలూ అని వర్ణించకండి. తడి అట్ట, పాడైంది, బల్ల మీద ఉంచకూడదు, వెనక్కి తీసుకుపోవాలి. అంతే."

"పాడైనదాన్ని చూసి ఎలాంటి మొహం పెట్టాలి సార్?" అన్నాడు మా బావమరిది.

"ఏ మొహమూ పెట్టకూడదు. అదే నేర్చుకోవాల్సింది."

ఆ సాయంత్రం ఇంట్లో మా అమ్మాయికి చెప్పాను. అట్టముక్క, రేకుడబ్బా, బిగుతైన మూత. "సరే, చూద్దాం," అంది.

సెలవు రోజు పొద్దున్నే కళ్ళకి తువ్వాలు కట్టింది. మొదటి చప్పుడు కీచుమంది. కాఫీ. ఎడమనుంచి మొదలు. దాల్చినచెక్క, మిరియాలు. ఇక లవంగాలు రావాలి. రాలేదు. అడుగులు లోపలి గదిలోకి వెళ్ళి తిరిగొచ్చాయి. గోళ్ళతో రేకు మూత పైకి లేపుతున్న చప్పుడు. వెంటనే తియ్యలేదు. కాసేపు ఆగి తీసింది. తరవాత మామూలుగా లవంగాలు, నిమ్మతొక్క, వెనిలా.

"ఇవాళ కొత్తదొకటి పెట్టాను నాన్నా. తొందరపడకు. నెమ్మదిగా చూడు."

గొంతు అదోలా ఉంది. జలుబనుకున్నాను.

మొదటి మూడూ చెప్పాను. నాలుగోది నా చేతికివ్వలేదు. తనే పట్టుకుని నా ముక్కు దగ్గర పెట్టింది. రేకు అంచు గడ్డానికి తగిలింది, చల్లగా. ఇక అనుమానమేముంది. అయినా పది కాదు, ఇరవై అంకెలు లెక్కపెట్టాను. తన ఊపిరి కూడా వినపడలేదు.

"తడి అట్ట," అన్నాను. "మూతపెట్టి మాగిన వాసన. పాడైంది. బల్ల మీద ఉంచకూడదు. వెనక్కి తీసుకుపోవాలి."

రేకు గడ్డం మీంచి వెనక్కి పోయింది. మూత పెడుతున్న చప్పుడు. బొటనవేలితో అంచు చుట్టూ నొక్కుతున్న చప్పుడు, టిక్కు, టిక్కు, టిక్కు. అలా మూత పెట్టేది నాకు తెలిసి ఒక్కరే.

"మిగతావి చెప్పు," అంది మా అమ్మాయి.

"లవంగాలు. నిమ్మతొక్క. వెనిలా."

"అన్నీ కరెక్టే నాన్నా."

తువ్వాలు నేనే విప్పుకున్నాను. బల్ల మీద కప్పులున్నాయి. డబ్బా తన ఒళ్ళో ఉంది. మూత మీద ఓడ బొమ్మ. మా ఆవిడ కుట్టుసామాను డబ్బా. మూత కింద నీలం గళ్ళ చేతిరుమాలు అంచు ఒకటి ఇరుక్కుని బయటికొచ్చింది. జ్వరంలో కూడా ఆవిడ చేతిలో ఉండింది ఆ రుమాలే. ఉతికేశారనుకున్నాను.

మా అమ్మాయి ఆ అంచు లోపలికి తోసి, మళ్ళీ మూత నొక్కి, లేచింది. కప్పులు కడిగింది. ఆరు సీసాలూ వరసలో పెట్టింది. నేను కుర్చీలోంచి కదల్లేదు.

నాలుగు రోజుల తరవాత ఒక సంచీ సర్దుకుంది. "దుకాణం పైన గది ఖాళీగా ఉందట. పొద్దున్నే తెరవాలి కదా, దగ్గరని."

"నీ ఇష్టం," అన్నాను.

సంచీలో అన్నిటికన్నా అడుగున ఏముందో నేను అడగలేదు.

మర్నాడు మా బావమరిది సీసాల గదికొచ్చాడు. ఎప్పుడూ మెట్ల మీదినుంచే కేకేసేవాడు. ఆ రోజు పదమూడు మెట్లూ దిగాడు.

"ఏం బావా, మా అక్క రుమాలుకి అట్ట వాసనన్నావట?"

నేను పెట్టెలోంచి సీసాలు తీస్తున్నాను.

"నీ కూతురు ఆ డబ్బా నెలకొకసారి తీస్తుంది, తెలుసా? ఎక్కువసార్లు తీస్తే వాళ్ళమ్మ వాసన పోతుందని. నాక్కూడా చూపించలేదు. ఎప్పుడూ నాన్న నాన్న అని ఏడుస్తుంది కదా, నీకు చూపిస్తే నువ్వు గుర్తుపడతావని, పట్టాక దానితో మళ్ళీ మామూలుగా మాట్లాడతావని తీసింది. తెలీలేదంటే తెలీలేదనొచ్చుగా! పాడైందా? వెనక్కి తీసుకుపోవాలా?"

"పనుంది నాకు."

"ఒక్క మాట చెప్పు. నిజంగా గుర్తులేదా బావా?"

వాడు నా కళ్ళలోకి చూస్తూ నిలబడ్డాడు. వెక్కిరింత లేని వాడి మొహం నేనెప్పుడూ చూడలేదు. అచ్చం వాళ్ళక్క. ఒక్క మాట చాలు. ముక్కు లేదురా అంటే సరిపోయేది. వాడు తాళం కోసం వచ్చిన మనిషి కూడా కాదు. కానీ పరీక్ష మూడు రోజుల్లో ఉంది, వాడి వెనక గోడనిండా ఆ చీటీలున్నాయి.

"సీసాలు వేడెక్కుతున్నాయి. లోపల పెట్టాలి," అన్నాను.

వాడు నాలుగో వరస దగ్గరికెళ్ళి మొదటి చీటీ మీద వేలు పెట్టాడు. "అక్క సరిగ్గానే రాసింది," అని మెట్లెక్కి పోయాడు.

పరీక్ష పై అంతస్తు హాల్లో జరిగింది. ముప్పై ప్రశ్నలకి అరగంట కూడా పట్టలేదు నాకు. తరవాత ఒక్కొక్కళ్ళనీ లోపలికి పిలిచారు. వెళ్ళొచ్చినవాళ్ళంతా సంతోషంగా ఉన్నారు. "నల్ల చెర్రీలు, సార్ చెప్పినట్టే," అనుకుంటున్నారు. మా బావమరిది నావైపు చూడకుండా కూర్చున్నాడు.

లోపల బూడిదరంగు కోటు వేసుకున్న ఒకావిడ, పక్కన ముక్కాయన. ఆవిడ సీసాలోంచి ఎర్ర వైను నాకు పోసింది. రంగు చక్కగా ఉంది. పుస్తకంలో ఆ రంగుకి నల్ల చెర్రీలనే ఉంది. చెప్పబోయి ఆగాను.

వాసన తెలియనివాడు మొహాలు చదవడం నేర్చుకుంటాడు. ఆ ఎండాకాలం నేను చదివిందంతా అదే. పోస్తున్నప్పుడు ఆవిడ మొహం కొంచెం పక్కకి తిరిగింది, ఉతకని బట్ట దగ్గరికొచ్చినట్టు. ముక్కాయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, మాట సాయం చెయ్యకూడదని గట్టిగా అనుకున్న మనిషిలా. ఆవిడ మొహమే కాదు, ఎవరి మొహమైనా చదవగలను. నా కళ్ళకి తువ్వాలు కట్టకపోతే.

గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పది అంకెలు.

"తడి అట్ట," అన్నాను. "పాడైంది. బల్ల మీద ఉంచకూడదు. వెనక్కి తీసుకుపోవాలి."

ఆవిడ ఏదో రాసుకుని మొదటిసారి తలెత్తి నన్ను చూసింది. "ఇవాళ కనిపెట్టింది మీరొక్కరే," అంది.

ముక్కాయన నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా కళ్ళలో ఏమీ తిరగలేదు.

పన్నెండుమందిలో నేనొక్కణ్ణే గట్టెక్కాను. మా బావమరిది తప్పాడు. వాణ్ణి పొద్దుటి టిఫిన్ల వడ్డనకి మార్చారు. మేనేజరమ్మ నా చొక్కాకి తనే ఒక బిళ్ళ పెట్టింది, ద్రాక్షగుత్తి బొమ్మది. సర్టిఫికెట్ అద్దం కట్టించి గది తలుపుకి తగిలించింది. తరవాత ఒక అట్టపెట్టె నా చేతిలో పెట్టింది.

"ఇకనుంచి మీరు చదువుకున్న మనిషి. గది కూడా అలాగే కనపడాలి. రేపు యజమానుల తరఫున చూడ్డానికొస్తున్నారు. ఆ పాత చీటీలు తీసేసి ఇవి అంటించండి. ఇప్పుడు మీకు వీటిమీది పేర్లు చదవడం వచ్చుగా?"

వచ్చు. పెట్టెలో అచ్చు చీటీలున్నాయి, పరాయి లిపిలో, వరసగా అంకెలు వేసి. అన్నీ చదవగలిగాను.

"తియ్యకుండా వాటి మీదే అంటించొచ్చా అమ్మా?"

"ఎలాగైనా సరే. కనపడకపోతే చాలు."

మూడు వరసలు పూర్తిచేశాను. నాలుగోదానికి స్టూలు జరుపుతుంటే మెట్ల మీద అడుగులు వినపడ్డాయి. మా అమ్మాయి. వాళ్ళమ్మ పోయాక ఆ గదికి రాలేదు. చివరి మెట్టు మీదే నిలబడింది.

"పాసయ్యావట. మామయ్య చెప్పాడు."

"ఆఁ."

అరలకేసి చూసింది. పూర్తయిన మూడు వరసలూ చూసింది. నా చేతిలో ఉన్నది చూసింది.

"అమ్మ రాసినవి..."

"పీకట్లేదు. పైన అంటిస్తున్నా."

"ఓహో."

నేను స్టూలు ఇంకాస్త జరిపాను.

"గ్లాసులో ఏమిచ్చారు?"

"పాడైంది."

"కనిపెట్టావా?"

తాళం కోసమైతే ఇక దాచాల్సిన పని లేదు. ఏ చీటీల కోసం దాచానో వాటిని నేనే మూసేస్తున్నాను. చెప్పొచ్చు. చెబితే, ఆ జ్వరం వాళ్ళమ్మతో ఆగలేదని, ఇంకొకటి కూడా పట్టుకుపోయిందని తనకి తెలుస్తుంది. అదీ తన నెత్తినే పడుతుంది. చెప్పకపోతే వాళ్ళమ్మని నేను ఐదు నెలల్లో మర్చిపోయానని అనుకుంటుంది. రెండింట్లో ఏది ఎక్కువ నొప్పో నాకు తెలియదు. తెలిస్తే తక్కువదే ఎంచుకునేవాణ్ణని చెప్పలేను.

"తడి అట్ట," అన్నాను. "చూడగానే తెలిసిపోయింది."

మా అమ్మాయి తలూపింది. "నీకు ఆ వాసన బాగా పట్టుబడింది నాన్నా," అంది.

వెనక్కి తిరిగి మెట్లెక్కింది. పదమూడూ ఆగకుండా ఎక్కింది.

నేను స్టూలెక్కాను. నాలుగో వరస, మొదటి చీటీ. ఒకసారి చదివాను. దాని మీద కొత్తది పెట్టి, బొటనవేలితో అంచు చుట్టూ నొక్కాను.